బోర్డులో ఏది పోయిందో అడిగారా?

ల్యాప్‌టాప్ మరమ్మతులపై పాఠకుల ప్రశ్నలకు కాకినాడలో చిప్ లెవెల్ (బోర్డు మీది చిన్న భాగాల స్థాయి) మరమ్మతులు చేసే సాంకేతిక నిపుణురాలి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే మాట కనిపించింది: "మదర్‌బోర్డు పోయిందన్నారు." ఆ మాట పక్కనే వేలల్లో ఒక అంకె, ఆ అంకె చూసి బెంగపెట్టుకున్న ఒక ఇల్లు. బోర్డంటే ఒక్క వస్తువు కాదు, వందలాది చిన్న భాగాలు అతికించిన పలక. వాటిలో ఏది చెడిందో చెప్పలేదంటే పరీక్ష ఇంకా పూర్తి కాలేదనే అర్థం. అందుకే ఈసారి ఆ ప్రశ్నకు ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, ఆరేళ్ల క్రితం కొన్న నా ల్యాప్‌టాప్ రాత్రి బాగానే పనిచేసింది, తెల్లవారేసరికి ఆగిపోయింది. ఛార్జర్ పెట్టినా దీపం వెలగడం లేదు. దుకాణంలో పది నిమిషాలు చూసి, మదర్‌బోర్డు పోయింది, 16,000 రూపాయలు అవుతుంది, దానికన్నా కొత్తది కొనుక్కోండి అన్నారు. మా ఊరి చరిత్ర మీద నాలుగేళ్లుగా రాసుకున్నదంతా అందులోనే ఉంది. ఏం చేయమంటారు?
– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, అమలాపురం

జవాబు: మాస్టారూ, ముందు మీ రాతల సంగతి చూద్దాం. ల్యాప్‌టాప్ వెలగనంత మాత్రాన మీరు రాసుకున్నది పోయినట్టు కాదు. ఆ కాలపు యంత్రాల్లో ఎక్కువ వాటికి హార్డ్ డిస్క్ అయినా ఎస్‌ఎస్‌డీ అయినా బోర్డు నుంచి విడిగా ఊడి వస్తుంది. దాన్ని తీసి, డిస్క్‌కు సరిపోయే యూఎస్‌బీ కేసులో పెట్టి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లు కనిపిస్తాయి. ఈ పని మీరు ఎదురుగా కూర్చుని చేయించుకోండి. మీ రాతల నకలు పెన్‌డ్రైవ్‌లో మీ చేతికి వచ్చాకే మరమ్మతు మాట ఎత్తనివ్వండి.

ఇక్కడ ఒక చిక్కు ఎదురుకావచ్చు. విండోస్‌లో డిస్క్‌లోని సమాచారానికి వేసే బిట్‌లాకర్ తాళం పడి ఉంటే, డిస్క్‌ను వేరే యంత్రానికి తగిలించగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మామూలుగా ఆ తాళాన్ని తెరిచేది బోర్డు మీద ఉండే టీపీఎం అనే భద్రతా చిప్. బోర్డు మార్చినా ఇదే ప్రశ్న వస్తుంది. మీరు మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యేవారైతే చాలావరకు ఆ అంకెలు ఖాతాలోనే ఉంటాయి. ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి కాగితం మీద రాసి పెట్టుకోండి. దుకాణానికి వెళ్లేముందే ఈ పని చేయండి. బోర్డు మార్చేశాక ఈ అంకెల కోసం వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చినవారి ముఖాలు నాకు బాగా గుర్తు.

ఇంట్లో చేయగలిగిన పరీక్షలు రెండు ఉన్నాయి. మొదటిది అడాప్టర్. దాని మీద 19 లేదా 19.5 వోల్టులని రాసి ఉంటుంది. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించి, అంత వస్తోందో లేదో చూడండి. టైప్-సి ఛార్జర్ అయితే మాత్రం విడిగా కొలిచి అది చెడిపోయిందని అనుకోకండి. ల్యాప్‌టాప్‌తో సంభాషించాకే అది 20 వోల్టులు ఇస్తుంది, అంతవరకు 5 వోల్టులకు మించి రానివ్వదు. రెండోది, ఛార్జర్ తీసేసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి. తర్వాత ఛార్జర్ ఒక్కటే పెట్టి చూడండి. బటన్‌ను, ఛార్జింగ్‌ను కనిపెట్టుకుని ఉండే చిన్న కంట్రోలర్ చిప్ ఒక్కోసారి బిగుసుకుపోతుంది. మిగిలిన కరెంటు ఖాళీ అయితే తేరుకుంటుంది. డెడ్ అని నా దగ్గరికి వచ్చిన యంత్రాల్లో కొన్ని ఇంతమాత్రానికే లేచి కూర్చున్నాయి.

దీనికీ లేవకపోతే పని బోర్డు మీదే. ఛార్జర్ నుంచి వచ్చిన 19 వోల్టులు కొన్ని మాస్‌ఫెట్‌లు (కరెంటును వదిలి ఆపే చిన్న స్విచ్‌లు) దాటి ప్రధాన లైనులోకి వస్తాయి. అక్కడి నుంచి 3.3 వోల్టులు, 5 వోల్టులు తయారై, మీరు బటన్ నొక్కకముందే సిద్ధంగా ఉండాలి. బటన్ నొక్కాక ర్యామ్‌కు, ప్రాసెసర్‌కు ఒక వోల్టు చుట్టుపక్కల సరఫరా మొదలవుతుంది. ఈ దారి పొడవునా కరెంటును కాసేపు నిల్వ ఉంచే, బియ్యపు గింజలో సగం ఉండే కెపాసిటర్లు వరుసగా ఉంటాయి. వాటిలో ఒక్కటి లోపల షార్ట్ అయితే చాలు, రక్షణ సర్క్యూట్ సరఫరా మొత్తాన్ని ఆపేస్తుంది. దీపం కూడా వెలగదు. పైకి కనిపించేది నిండా చచ్చిన బోర్డు, లోపల పోయింది కొద్ది రూపాయల భాగం.

దాన్ని కనిపెట్టడానికి ఆ లైనులోకి ఒక వోల్టు చుట్టుపక్కల మాత్రమే బయటి నుంచి ఎక్కిస్తాం. షార్ట్ అయిన భాగం వేడెక్కుతుంది. థర్మల్ కెమెరా ఉంటే అది తెరమీద మెరుస్తుంది. లేకపోతే బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూస్తే, ఏ భాగం మీద ముందుగా ఆరిపోతుందో అదే దొంగ. షార్ట్ లేకపోతే ఛార్జింగ్ ఐసీ, మాస్‌ఫెట్‌లు, కంట్రోలర్, యంత్రాన్ని మేల్కొలిపే బయోస్ చిప్ ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. పది నిమిషాల్లో తేలే పని కాదు మాస్టారూ.

అందుకని ఆ దుకాణానికే మళ్లీ వెళ్లి, మర్యాదగా రెండు మాటలు అడగండి: ఏ వోల్టేజీ దగ్గర ఆగింది? షార్ట్ ఉందా, ఉంటే ఏ లైనులో? జవాబు రాకపోతే వాళ్లు బోర్డులు మార్చేవారే గానీ బోర్డు మీద పనిచేసేవారు కాదు. అది తప్పేమీ కాదు, ఆ సంగతి మీకు చెప్పి ఉంటే బాగుండేది. చిప్ లెవెల్ పని తెలిసినవారు రాజమహేంద్రవరంలో, కాకినాడలో, విజయవాడలో ఉన్నారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల ఇదే వృత్తిగా బతుకుతున్నవారు ఎందరో ఉన్నారు. నేను పని నేర్చుకున్నదీ ఆ వీధుల్లోనే. ఎక్కడ ఇచ్చినా జాబ్ షీట్ (దుకాణంవారు రాసిచ్చే మరమ్మతు కాగితం) మీద ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు, ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత అనేవి రాయించండి. బాగుకాకపోతే ఎంత తీసుకుంటారో కూడా ముందే రాయించండి. తీసేసిన పాత భాగం తిరిగి ఇమ్మనండి.

మీరు చెప్పిన లక్షణాలకు నా బల్ల మీద సాధారణంగా 2,500 నుంచి 4,500 రూపాయల మధ్య ఖర్చవుతుంది. ప్రాసెసర్ పోయినా, బోర్డు పొరల మధ్య కాలినా లెక్క మారుతుంది. అప్పుడు ఆరేళ్ల యంత్రానికి 16,000 పెట్టవద్దని నేనూ చెబుతాను. ఇంకొకటి, విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీ ప్రాసెసర్ ఇంటెల్ 8వ తరం కంటే పాతదైతే విండోస్ 11కు అధికారికంగా అర్హత లేదు. పెద్ద ఖర్చుకు ఒప్పుకునే ముందు ఇది కూడా చూసుకోండి.

ప్రశ్న: మేడమ్, మా బాబు కీబోర్డు మీద టీ ఒలకబోశాడు. వెంటనే తుడిచి, ఎవరో చెబితే రెండు రోజులు బియ్యం డబ్బాలో ఉంచాను. తర్వాత ఆన్ చేస్తే వారం రోజులు బాగా పనిచేసింది. ఇప్పుడు కొన్ని అక్షరాలు పడటం లేదు, ఛార్జింగ్ కూడా ఎక్కడం లేదు. ఆరిపోయాక ఎందుకు చెడింది?
– గృహిణి, తెనాలి

జవాబు: కొన్నాళ్లు పనిచేసి ఆగిపోవడం టీ పడిన యంత్రాల్లో తరచూ చూసేదే అమ్మా. నీళ్లు ఆరాయి. చక్కెర, పాలు, లవణాలు ఎక్కడికీ పోలేదు. అవి బోర్డు మీద జిగురులా అంటుకుని గాలిలోని తేమను పీలుస్తూ ఉంటాయి. ల్యాప్‌టాప్ ఆపి ఉన్నా లోపలి బ్యాటరీ వల్ల కొన్ని లైన్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది. తేమ, లవణం, వోల్టేజీ ఒకచోట చేరితే రాగి కొద్దికొద్దిగా కరిగి ఆకుపచ్చ పూత కడుతుంది. ఆ పూత ఒక చిప్ కాళ్ల కిందికి చేరేదాకా మీకు ఏమీ తెలియదు. బియ్యం దీనికి ఏ సాయమూ చేయదు, పైగా తవుడు, పిండి రంధ్రాల్లోకి వెళతాయి. మా కాకినాడలో సముద్రపు గాలికి టీ పడకుండానే ఈ పూత కనిపిస్తుంటుంది. టీ పడిన బోర్డు మాట చెప్పనక్కరలేదు.

ఇక దాన్ని ఆన్ చేయకండి, ఛార్జింగ్ పెట్టకండి. దుకాణంలో టీ పడిన మాట దాచకుండా చెప్పండి. బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, బోర్డును బయటికి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని బ్రష్ పెట్టి కడగమని అడగండి. అల్ట్రాసోనిక్ క్లీనర్ ఉన్న చోటైతే మరీ మంచిది. కీబోర్డు మాత్రం మార్చక తప్పదు, దాని లోపలి ప్లాస్టిక్ పొరల మీది గీతలు శుభ్రం చేసినా నిలవవు. చాలా మోడళ్లలో కీబోర్డును పై పలకకు ప్లాస్టిక్ కరిగించి అతికిస్తారు. అందుకని మొత్తం ప్యానెల్ మార్చాలని చెబుతారు. కీబోర్డు విడిగా దొరుకుతుందేమో ఒకసారి అడగండి, ఖర్చులో చాలా తేడా ఉంటుంది.

చదివేవారందరికీ ఒక మాట. ఏదైనా ఒలికిన వెంటనే ఛార్జర్ లాగేయండి. పవర్ బటన్ నొక్కి పట్టుకుని పూర్తిగా ఆపేయండి. తెర తెరిచి ఉండగానే బోర్లించి గుడారంలా నిలబెట్టండి. హెయిర్ డ్రయర్ పెట్టకండి, ఆ గాలి తడిని ఇంకా లోపలికి తోస్తుంది. పని చేస్తుందో లేదో చూద్దామని ఆన్ చేయడమే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. వీలైతే అదే రోజు దుకాణానికి చేర్చండి.

ప్రశ్న: ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. ఛార్జర్ ఎప్పుడూ పెట్టే ఉంటుంది. ఈ మధ్య టచ్‌ప్యాడ్ పైకి లేచింది, మూత సరిగా పడటం లేదు. పని మాత్రం బాగానే చేస్తోంది. నెలాఖరు దాకా ఇలాగే నెట్టుకురావచ్చా?
– అకౌంటెంట్, సిద్దిపేట

జవాబు: వద్దు. ఈ పత్రిక పక్కన పెట్టి ముందు ఛార్జర్ తీసేయండి, ల్యాప్‌టాప్ ఆపేయండి. లోపల బ్యాటరీ ఉబ్బింది. లిథియం అయాన్ సెల్ నిండుగా అంటే సుమారు 4.2 వోల్టుల దగ్గర, ఎప్పుడూ వేడిలోనే ఉంటే లోపలి ద్రవం విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది. టచ్‌ప్యాడ్‌ను ఎత్తుతున్నది ఆ వాయువే. ఉబ్బిన సెల్‌కు గాటు పడితే మంటలు రావచ్చు. మూతను అదిమి మూయకండి, మీరే విప్పే ప్రయత్నం చేయకండి. విమానంలో తీసుకెళ్లకండి. దుకాణంలో బ్యాటరీ తీయించేయండి. చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ లేకుండా ఛార్జర్ మీద నడుస్తాయి కాబట్టి కొత్త బ్యాటరీ వచ్చేదాకా మీ పని ఆగకపోవచ్చు. కాకపోతే కరెంటు పోతే యంత్రం ఆగిపోతుంది, ఫైళ్లు వెంటవెంటనే సేవ్ చేసుకోండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి. 2022 నాటి వ్యర్థ బ్యాటరీల నిబంధనల ప్రకారం సేకరణ బాధ్యత తయారీదారులదే, సర్వీస్ సెంటర్‌లో అప్పగించండి. కొత్తది వేశాక ల్యాప్‌టాప్ కంపెనీ యాప్‌లోనో బయోస్‌లోనో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగే ఏర్పాటు ఉందేమో చూసి, ఉంటే పెట్టుకోండి. రోజంతా ఛార్జర్ మీదే నడిపేవారికి అది ఎంతో మేలు.

ప్రశ్న: మాది ఫొటో స్టూడియో. ఎడిటింగ్ చేసే ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ టిక్ టిక్ అని చప్పుడు చేస్తోంది. రెండు పెళ్లిళ్ల ఫొటోలు ఇంకా కాపీ చేయలేదు. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి రాత్రంతా నడిపిస్తే మూడో వంతు దగ్గర ఆగింది. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఒకరు అంటున్నారు.
– స్టూడియో యజమాని, నంద్యాల

జవాబు: ఫ్రిజ్‌లో పెట్టకండి. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. రికవరీ సాఫ్ట్‌వేర్ కూడా ఇంక నడపకండి. డిస్క్‌లోని హెడ్ తన దారి ఎక్కడుందో చదవలేక మళ్లీ మళ్లీ వెనక్కి వెళుతున్నప్పుడు వచ్చే చప్పుడది. హెడ్‌కూ తిరిగే పళ్లేనికీ మధ్య దూరం కొన్ని నానోమీటర్లే. దెబ్బతిన్న హెడ్ పళ్లేన్ని గీకిందంటే, గీకిన చోట ఉన్న ఫొటోలను ఎవరూ తిరిగి తేలేరు. మీరు డిస్క్‌ను నడిపించే ప్రతి గంటా ఫొటోలు తిరిగి వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుంది.

డిస్క్ తీసి, మెత్తగా చుట్టి, ధూళి లేని గది ఉన్న డేటా రికవరీ సంస్థకు పంపండి. మామూలు మరమ్మతు బల్ల మీద డిస్క్ మూత తెరవనివ్వకండి. నేను కూడా తెరవను, నా దగ్గర అలాంటి గది లేదు. పంపేముందు మూడు సంగతులు రాతలో తీసుకోండి: పరీక్షకు ఎంత, ఫైళ్లు వస్తే ఎంత, రాకపోతే ఎంత. డబ్బు కట్టేముందు వచ్చిన ఫైళ్ల జాబితా చూపించమనండి. ఆ పెళ్లివారికి కూడా ఇప్పుడే ఒక మాట చెప్పండి. వాళ్ల బంధువుల ఫోన్లలో ఉన్న ఫొటోలు పోగుచేసుకోవడానికి వాళ్లకు సమయం దొరుకుతుంది.

కెమెరా కార్డులను వెంటనే ఫార్మాట్ చేసే అలవాటు ఉంటే మానండి. ఫొటోలు రెండు వేర్వేరు డిస్కుల్లోకి వెళ్లాకే కార్డు ఖాళీ చేయండి. ఆ రెండో డిస్క్ స్టూడియోలో కాకుండా ఇంట్లో ఉండాలి.

ప్రశ్న: నా గేమింగ్ ల్యాప్‌టాప్ తెర మీద గీతలు వచ్చి, తర్వాత నల్లబడింది. గ్రాఫిక్స్ చిప్‌కు వేడి పెట్టి బాగుచేశామని 3,500 తీసుకున్నారు. మూడు వారాలకు మళ్లీ అదే. ఇప్పుడు రీబాల్ చేస్తామని 6,000 అడుగుతున్నారు. చేయించనా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: బాబూ, ఇంకో రూపాయి ఇచ్చేముందు ఒక పరీక్ష చెయ్యి. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఇంట్లో టీవీకి తగిలించు. టీవీలో బొమ్మ శుభ్రంగా వస్తే అనుమానించాల్సింది తెరను, లేదా మూత కీలు గుండా వచ్చే సన్నని డిస్‌ప్లే కేబుల్‌ను. చిప్ జోలికి పోవలసిన పనే ఉండదు. టీవీలో కూడా గీతలే వస్తే అప్పుడు గ్రాఫిక్స్ గురించి మాట్లాడుకోవాలి.

వేడి పెట్టడం గురించి నీకు ఒక పాత సంగతి చెప్పాలి. 2008 జులైలో ఎన్విడియా సంస్థ, తన ల్యాప్‌టాప్ చిప్‌లలో కొన్ని అసాధారణంగా చెడిపోతున్నాయని ప్రకటించి, వారంటీ ఖర్చుల కింద 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. చిప్ ప్యాకేజీ లోపల వాడిన పదార్థం బలహీనంగా ఉండటమే కారణమని చెప్పింది. లోపం చిప్ లోపల ఉంది. బోర్డుకూ చిప్‌కూ మధ్య ఉండే టంకం గుళ్లలో కాదు. అలాంటి చిప్‌ను వేడి చేస్తే లోపల విడిపోయిన అతుకులు కొన్నాళ్లు తాకుతాయి, మళ్లీ విడిపోతాయి. వేడి పెట్టి బాగుచేయడమనే అలవాటు ఆ రోజుల్లోనే మరమ్మతు వీధుల్లో బాగా పాకింది. ఇప్పుడు బోర్డుల మీద వాడే సీసం లేని టంకం కరగడానికి 217 డిగ్రీల సెల్సియస్ దాటాలి. మామూలు వేడి గాలికి మూడు వారాల ప్రాణం వచ్చిందంటే టంకం సంగతి కాకపోవచ్చు, చిప్ లోపలే లోపం ఉండవచ్చు. అదే చిప్‌ను తీసి కొత్త గుళ్లు వేసి మళ్లీ అతికిస్తే (రీబాల్ అంటే ఇదే), అదే రోగం మళ్లీ వస్తుంది.

వాళ్లను అడుగు: కొత్త చిప్ వేస్తారా, పాతదే తిరిగి అతికిస్తారా? వీడియో మెమరీ చిప్‌లను పరీక్షించారా? గ్రాఫిక్స్‌కు వెళ్లే వోల్టేజీ సరిగా ఉందా? పాత చిప్‌కే రీబాల్ అంటే నువ్వు చేయించవద్దు. ప్రాసెసర్‌లోనే వేరే గ్రాఫిక్స్ ఉన్న మోడలైతే, విడి గ్రాఫిక్స్ చిప్‌ను విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో ఆపేసి చూడు. ఆటలు ఆడలేవు గానీ, చాలాసార్లు చదువుకూ ప్రాజెక్టుకూ సరిపోయేలా నడుస్తుంది. కొలువు వచ్చేదాకా అది చాలదూ?

ప్రశ్న: మా సేవా కేంద్రంలో ల్యాప్‌టాప్ మూత మెటల్‌ది. ఛార్జర్ పెట్టినప్పుడు చేయి ఆనిస్తే జివ్వుమంటుంది. టెస్టర్ పెడితే వెలుగుతోంది. రెండు ఛార్జర్లు మార్చాను, అదే తీరు. బోర్డులో లీకేజీ ఉందంటున్నారు.
– సేవా కేంద్రం నిర్వాహకుడు, ఆదోని

జవాబు: బోర్డు సంగతి తర్వాత, ముందు మీ గోడ సాకెట్ చూపించండి. అడాప్టర్ లోపల రేడియో అలజడిని అణచడానికి కరెంటు వైపునూ ల్యాప్‌టాప్ వైపునూ కలుపుతూ చిన్న కెపాసిటర్ పెడతారు. దాని గుండా అతి స్వల్పంగా, మిల్లీ ఆంపియర్‌లో కొంత భాగం, కరెంటు కారుతుంది. మూడు పిన్నుల ప్లగ్‌లో పెద్ద పిన్ను ఎర్త్ కోసం. అది భూమిని తాకితే ఈ కరెంటు అటు పోతుంది. తాకకపోతే మెటల్ మూత మీద తేలి ఉండి మీ చేతికి జివ్వుమంటుంది. టెస్టర్ వెలగడానికి ఆ మాత్రం చాలు.

మీరు రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడుతూ ఉండవచ్చు. లేదా సాకెట్‌కు మూడో రంధ్రం ఉన్నా దాని వెనుక తీగ లేకపోవచ్చు. అద్దె గదుల్లో ఇది ఎంత మామూలో చెప్పలేను, నాకు కోపం వచ్చేదీ ఇక్కడే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిపించండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య వచ్చినంత, అంటే 230 వోల్టుల దరిదాపుల్లో రావాలి. చాలా తక్కువ వస్తే ఎర్తింగ్ లేనట్టే. ఎర్త్ గుంట ఉన్నా ఎండాకాలంలో ఎండిపోతుంది. మీ ప్రాంతంలో ఆ గుంటలో అప్పుడప్పుడూ నీళ్లు పోయించాలి. జనం వచ్చి వేలిముద్రలు వేసే చోటు కాబట్టి దీన్ని వాయిదా వేయవద్దు. ఎర్తింగ్ సరిచేశాక కూడా జివ్వుమంటే, లేదా చేయి విదిలించేంత గట్టిగా కొడితే, ఆ అడాప్టర్ వాడటం మానేయండి. పుట్టుకతోనే రెండు పిన్నుల అడాప్టర్లయితే కొద్దిగా జివ్వుమనడం ఎర్తింగ్ ఉన్నా పోదు. అలాంటివారు మూడు పిన్నులది తీసుకోవడం మేలు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. కడపలో నాన్నగారికి ఇక్కడి నుంచి ల్యాప్‌టాప్ పంపాను. ఛార్జర్ పోతే అక్కడే 500 రూపాయలకు ఒకటి కొన్నారు. వోల్టులు సరిపోయాయి, ల్యాప్‌టాప్ నడుస్తోంది గానీ బ్యాటరీ ఎక్కడం లేదు, ఛార్జర్‌ను గుర్తించలేదని సందేశం వస్తోంది. అమెరికా యంత్రం కావడం వల్లనా?
– పాఠకుడు, డాలస్

జవాబు: దేశంతో పని లేదు. అసలు అడాప్టర్ల మీద 100–240 వోల్టులని రాసి ఉంటుంది, అవి రెండు దేశాల్లోనూ పనిచేస్తాయి. డెల్, హెచ్‌పీ వంటి యంత్రాల జాక్ మధ్యలో సన్నని పిన్ను ఉంటుంది. నేను ఎన్ని వాట్లు ఇవ్వగలనో అడాప్టర్ ఆ పిన్ను ద్వారా చెప్పాలి. చవక అడాప్టర్ చెప్పలేకపోతే యంత్రం జాగ్రత్తపడి బ్యాటరీకి ఛార్జింగ్ ఇవ్వదు, కొన్నిసార్లు వేగం కూడా తగ్గించుకుంటుంది. అసలు అడాప్టర్ పెట్టినా అదే సందేశం వస్తే ఆ పిన్ను విరిగిందేమో, వంగిందేమో చూడాలి. జాక్ చాలా యంత్రాల్లో విడిగా మార్చే భాగమే, పెద్ద ఖర్చు కాదు. నాన్నగారికి అదే వాట్లు, అంటే 65 ఉంటే 65 లేదా అంతకన్నా ఎక్కువ ఇచ్చేది, భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నది కొనిపించండి. ఆ 500 రూపాయల దాన్ని ఇంట్లో ఉంచనివ్వకండి.

ప్రశ్న: మూత తెరిచినప్పుడల్లా ఒక మూల కిర్రుమంటోంది, ప్లాస్టిక్ విచ్చుకుంటోంది. ఫెవిక్విక్ వేయవచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: వేయవద్దమ్మా. కీలు బిగుసుకుపోయింది. అది తిరగనంటే ఆ బలమంతా ప్లాస్టిక్‌లో పొదిగిన ఇత్తడి మరల మీద పడి, అవి ఊడి వస్తాయి. జిగురు కీలులోకి పోతే ఇంకా బిగుస్తుంది. ఇప్పుడే తీసుకెళితే కీలు వదులు చేసి, ఇత్తడి మరలను ఎపాక్సీతో మళ్లీ పొదుగుతారు. ఆలస్యమైతే పై పలక, డిస్‌ప్లే కేబుల్, ఒక్కోసారి తెర కూడా పోతాయి. అంతవరకు మూత మూల పట్టుకుని తెరవకు, నడిమధ్యన పట్టుకో.

ప్రశ్న: కొని ఎనిమిది నెలలే అయింది. ఆగిపోతే సర్వీస్ సెంటర్‌లో లోపల తడి ఆనవాళ్లున్నాయని వారంటీ ఇవ్వమన్నారు. మేము నీళ్లు పోయలేదు. ఇప్పుడేం చేయాలి?
– పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నోటిమాట తీసుకోకండి. తడి ఎక్కడ కనిపించిందో ఫొటోలతో సహా రాతపూర్వక నివేదిక అడగండి. కొన్ని యంత్రాల లోపల తడి తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్లు ఉంటాయి. తడి తగిలిందనడానికి అదొక సూచన, ఆగిపోవడానికి అదే కారణమని చెప్పడానికి ఆ ఒక్కటీ చాలదు. చెడిన భాగం దగ్గర తుప్పు ఉందా అన్నది అసలు ప్రశ్న. నివేదిక చేతికి వచ్చేదాకా యంత్రాన్ని బయట విప్పించకండి. విప్పితే మీ వాదన బలహీనపడుతుంది.

వాళ్లు దిగిరాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ నమోదైన ఫిర్యాదు కంపెనీకి వెళుతుంది. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు, కంపెనీ కార్యాలయం ఎక్కడున్నా సరే. కొన్న వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. బిల్లు, జాబ్ షీట్, నివేదిక, మీ మధ్య నడిచిన ఈమెయిళ్లు భద్రంగా ఉంచుకోండి.

ప్రశ్న: అక్కా, నేను పాలిటెక్నిక్ రెండో సంవత్సరం ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను. ఈ పని నేర్చుకోవాలని ఉంది. ఆడపిల్లలకు దుకాణాల్లో పని ఇవ్వరని ఇంట్లో అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– విద్యార్థిని, అనకాపల్లి

జవాబు: చెల్లీ, పని ఇచ్చేవారు ఉన్నారు, నేనూ ఇస్తాను. ముందు ఒక మంచి మల్టీమీటర్, వేడి మార్చుకునే సాల్డరింగ్ స్టేషన్ సంపాదించు. మిగతా సామాను తర్వాత. పాడైన బోర్డు తీసుకుని, దాని సర్క్యూట్ బొమ్మ పక్కన పెట్టుకుని, ఛార్జింగ్ జాక్ నుంచి ప్రాసెసర్ దాకా ప్రతి లైనూ కొలిచి పుస్తకంలో రాసుకో. బాగున్న బోర్డులో అదే చోట ఎంత వస్తుందో పక్కనే రాయి. అలా రాసుకున్న పుస్తకాలు నా బల్ల మీద ఇప్పటికీ ఉన్నాయి, రోజూ తిరగేస్తాను. కెపాసిటర్లు తీసి పెట్టడం చేతికి అలవాటయ్యాక మాస్‌ఫెట్‌లు, ఆ తర్వాత ఐసీలు. బ్యాటరీ ప్యాక్‌లు మాత్రం విప్పకు, అవి ఎవరైనా పక్కన ఉండి చూపించాక మొదలుపెట్టాలి. పత్రిక కార్యాలయానికి నీ కాలేజీ చిరునామా రాయి. మూడు రకాల డెడ్ బోర్డులు పంపిస్తాను, ఒక్కోదానిలో ఏది పోయిందో నువ్వు కనిపెట్టి నాకు ఉత్తరం రాయాలి.